స్తంభం మీద లేని పేరు

విజయవాడ గవర్నర్‌పేటలో మాది చిన్న డీటీపీ షాపు. బారసాల, పెళ్లి, పెద్దకర్మ. మామూలు మనిషి పేరు అచ్చులో పడేది ఈ మూడుసార్లే, మూడూ మా కీబోర్డు మీదుగానే పోతాయి. ఇరవై రెండేళ్లుగా రోజూ పేర్లు కొడుతున్నవాణ్ని, నా నవల్లో పాతికమందికి పేర్లు పెట్టడం ఎంతసేపులే అనుకున్నాను. ఏడాదిన్నర పట్టింది.

నవల సంగతి ముందు చెప్పాలి. కథాకాలం మూడో శతాబ్దం, చోటు విజయపురి. ఇప్పుడు నాగార్జునసాగర్ నీళ్ల కింద ఉన్న ఊరు. అక్కడ ఇక్ష్వాకు వంశాన్ని నిలబెట్టిన రాజు చాంతమూలుడు పోయాక, ఆయన తల్లులు, అక్కచెల్లెళ్లు, భార్యలు కలిసి ఆయన జ్ఞాపకంగా ఒక రాతిస్తంభం ఎత్తించారు. దాని మీద వాళ్ల పేర్లూ ఉన్నాయి. అలాంటి స్తంభాన్ని అప్పటి భాషలో ఛాయాఖంభం అన్నారు. ఇంతవరకే చరిత్ర. ఇక్కణ్ణుంచి నా పైత్యం: ఆ స్తంభం మీద పేరున్న ఆడవాళ్లకి నీడ ఉంటుంది. ఒక్క రాణి పేరు మాత్రం చెక్కరు. తెల్లారేసరికి ఆవిడ నీడ పోతుంది. ఎండలో నిలబడితే ఆవిడ కాళ్ల దగ్గర నేల ఖాళీగా ఉంటుంది. ఆవిడ తన నీడని వెతుక్కుంటూ కృష్ణ వెంబడి ధాన్యకటకం, అంటే ఇప్పటి అమరావతి దాకా వస్తుంది. అదీ కథ.

పేరు పోగొట్టుకున్నావిడ కాబట్టి అనామిక అని పెట్టాను. మహా తెలివైన పని చేశాననుకున్నాను. శిల్పికి రుద్రాంశ్, సేనాపతికి విక్రాంత్, దుర్మార్గుడికి కాలకేతు. అన్నీ ఇంటర్నెట్టులో పిల్లల పేర్ల జాబితాల్లోంచి, పక్కన అర్థాలతో సహా ఏరుకున్నవి. మా అక్క కొడుకు ఇంజనీరింగ్ చదువుతున్నాడు, మొదటి పాఠకుడు వాడే. నాలుగు అధ్యాయాలు ఫోన్లో చదివి, "మావయ్యా, మా క్లాసులో అనామికలు ఇద్దరున్నారు. ఇద్దరికీ నీడ బానే పడుతుంది" అన్నాడు.

అది నవ్వుకుని వదిలేసేవాణ్నే. ఆ వారంలోనే మా షాపుకి ఎప్పుడూ వచ్చే మాస్టారు వచ్చారు. కాలేజీలో చరిత్ర చెప్పి రిటైరయిన మనిషి. కంప్యూటర్‌లో టైపు చేసింది నమ్మరు, కాయితం మీద ప్రూఫు ఇస్తేనే చూస్తారు. ఆయన వ్యాసం ప్రూఫుల మధ్యలో నా నవల పేజీలు రెండు కలిసిపోయాయి. ఎర్రపెన్నుతో దిద్దుకుంటూ పోతున్న ఆయన చెయ్యి ఒకచోట ఆగింది.

"ఏమయ్యా, ఈ రుద్రాంశ్ ఎవరు? విజయపురిలో ఉంటాడా, గేటెడ్ కమ్యూనిటీలో ఉంటాడా?"

నేనే రాశానని ఒప్పుకోవాల్సి వచ్చింది. ఆయన వెక్కిరించలేదు. ప్రూఫు కాయితం వెనక్కి తిప్పి నాలుగు పేర్లు రాశారు. విధిక. కుర. బుద్ధరఖిత. కొడబలిసిరి. "వీళ్లంతా నీ పక్క ఊళ్లవాళ్లే. వెళ్లి పలకరించు ముందు" అని, వ్యాసం డబ్బులు లెక్కపెట్టి ఇచ్చి వెళ్లిపోయారు.

రామ్మోహన గ్రంథాలయంలో కొన్ని రోజులు, మాస్టారు తెచ్చిచ్చిన జిరాక్సులతో కొన్ని రాత్రులు. అసలు పని అక్కడే మొదలైంది. విధిక అన్న పేరు దగ్గర నేను వారం రోజులు ఆగిపోయాను. అమరావతి స్తూపానికి పూర్ణఘటం చెక్కిన రాతిపలక ఇచ్చిన మనిషి అతను. వృత్తి చమ్మకార, అంటే తోలుపని. తండ్రి పేరు నాగ ఉపజ్ఝాయ. ఉపాధ్యాయుడు నాగుడన్నమాట. తోలుపనివాడి తండ్రి పేరులో ఉపాధ్యాయ ఎలా వచ్చింది? చదువు చెప్పాడా, లేక ఆయన పనితనానికి ఊరు పెట్టుకున్న గౌరవమా? శాసనం చెప్పదు. అమ్మతో, భార్యతో, అన్నదమ్ములతో, బిడ్డలతో కలిసి ఇస్తున్నానని మాత్రం విధికుడు చెప్పుకున్నాడు. రెండు పంక్తుల్లో ఇంటిల్లిపాదీ కనిపించారు నాకు. నా రుద్రాంశ్‌కి నాలుగు అధ్యాయాలు రాసినా అమ్మా నాన్నా ఉన్నట్టు తోచలేదు. రుద్రాంశ్‌ని ఆ రాత్రే తీసేశాను. నా శిల్పి పేరు విధికుడు. అసలు విధికుడు ఇంకా పాతకాలం వాడు, కానీ పేర్లు తరాలు దాటి రావడం మనకి కొత్త కాదు కదా.

ఒక ఆదివారం షాపు మూసి అమరావతి బస్సెక్కాను. బ్యారేజీ దాటి, ఉండవల్లి మీదుగా మందడం వచ్చేసరికి మాస్టారి జిరాక్సుల్లోని ఇంకో కాయితం గుర్తొచ్చింది. 1261 నాటి మల్కాపురం శాసనం. రుద్రమదేవి విశ్వేశ్వర శివాచార్యుడికి ఇచ్చిన ఊళ్లు మందరం, వెలంగపూడి. మందరం ఇప్పుడు మందడమైంది. వెలంగపూడికి మధ్యలో సున్నా ఒక్కటి రాలిపోయి వెలగపూడైంది, అక్కడ ఇవాళ సచివాలయం ఉంది. ఏడొందల అరవై ఏళ్ల అరుగుదల అంతే. మనుషుల పేర్లే తొందరగా అరుగుతాయి కాబోలు. అమరావతిలో మ్యూజియం చూశాను, స్తూపం దిబ్బ చుట్టూ తిరిగాను. మంచి పలకలు చాలావరకు చెన్నైకీ లండన్‌కీ ఎప్పుడో వెళ్లిపోయాయి. దిబ్బ మీద ఎండలో నిలబడి నా నీడ చూసుకున్నాను. అంతకుమించి అక్కడ ఏమీ జరగలేదు.

తిరిగి వచ్చాక రాజుగారి ఇంటి పేర్లతో కుస్తీ మొదలైంది. చరిత్రలో ఉన్నవాళ్ల పేర్లు నేను మార్చదలుచుకోలేదు. చిక్కల్లా ఆ ఇంట్లో అందరికీ ఒకటే పేరు. రాజు చాంతమూలుడు. ఆయన చెల్లెలు చాంతిసిరి, నాగార్జునకొండ మహాచైత్యానికి కొండంత దానం చేసిన మనిషి. ఆయన కూతురు అడవి చాంతిసిరి. మనవడు మళ్లీ ఎహువల చాంతమూలుడు. పాఠ్యపుస్తకాల్లో శాంతమూలుడు, శాంతిశ్రీ అని సంస్కృతం చేసి రాస్తారు, అయినా గోల అదే. మా మేనల్లుడికి ఒక అధ్యాయం వినిపిస్తే మూడో పేజీలోనే చేతులెత్తేశాడు. పైగా "చాంతిసిరి" అని నేను గట్టిగా చదివినప్పుడల్లా వాడి ఫోను టింగుమని లేచి, "చెప్పండి, ఏం కావాలి" అన్నట్టు చూస్తోంది. పదిహేడొందల ఏళ్ల కిందటి రాజకుమార్తెని పిలిస్తే ఆపిల్ కంపెనీ సిరి పలుకుతోంది.

దీనికి మందు మా ఇంట్లోనే దొరికింది. మా ఇంట్లో ఎవరైనా ఎవర్నైనా పేరు పెట్టి పిలుస్తారా? అక్క, బావ, పిన్ని, అత్త. చాంతమూలుడి కొడుకు వీరపురుషదత్తుడు మేనత్తల కూతుళ్లని చేసుకున్నాడు, శుద్ధ మేనరికం. కాబట్టి చాంతిసిరి అతనికి రెండు విధాలా అత్తే. నవల్లో అతని నోట ఆవిడ ఎప్పుడూ "అత్తా". శాసనం చెక్కే సన్నివేశంలో మాత్రమే పూర్తి పేరు వస్తుంది. కూతుర్ని అందరూ "అడవీ" అని పిలుస్తారు. ఆ పిలుపు రాసిన రోజే ఆ పాత్రకి ప్రాణం వచ్చింది. చిన్నప్పుడు అడవిలో పుట్టిందా, దళవాయి పెళ్లాం కాబట్టి అడవిప్రాంతం ఏలిందా అని పాఠకులు వాళ్లే ఊహించుకుంటారు.

పరాయిదాన్ని పేరే పట్టిస్తుందని కూడా అప్పుడే గమనించాను. ఇక్ష్వాకుల ఇంటి ఆడవాళ్ల పేర్లు చాలావరకు సిరి, సిరినిక అని ముగుస్తుంటే, మధ్యలో రుద్రధర భట్టారిక అని ఒకామె. ఉజ్జయిని రాజు కూతురు. పంక్తిలో కూర్చున్న ఉత్తరాది కోడల్లా ఆ పేరు దూరంగా కనిపిస్తుంది. ఇటునుంచి వనవాసి రాజుకి ఇచ్చి పంపిన పిల్ల కొడబలిసిరి. అక్కడ ఆ పేరు విని జనం ఎలా చూసి ఉంటారో! ఆమెకి నవల్లో ఒక్క పేజీయే ఇచ్చాను గానీ ఆ పేజీ నాకు ఇష్టం.

చిన్న పాత్రలకి పేర్లు చకచకా కుదిరాయి. ఒక్క నాగబు దగ్గరే తగువు వచ్చింది. అమరావతి రాతి మీద వేటూరి ప్రభాకరశాస్త్రి గారు పట్టుకున్న తొలి తెలుగు మాటగా నాగబు గురించి బడిలో చదువుకున్నవాళ్లమే. మా పడవవాడికి ఆ పేరు పెట్టాను. మాస్టారు ఒప్పుకోలేదు. "బు అంటే తర్వాత ము అయ్యింది. నాగము. మనిషిని ఎవరైనా నపుంసకంలో పిలుస్తారటయ్యా?" సరే, మనిషికి పనికిరాకపోతే పడవకి పనికొస్తుందని, పడవకే పెట్టాను. పడవ పేరు నాగబు. మాస్టారు ఇంకేమీ అనలేదు, అంటే ఒప్పుకున్నట్టు.

దుర్మార్గుడి పేరూ అంతే. ఏ తల్లి అయినా కన్నబిడ్డకి కాలకేతు అని పెడుతుందా? స్తంభం మీద రాణి పేరు చెక్కనివ్వని అధికారికి ధమ్మరఖితుడు అని పెట్టాను. ధర్మం కాపాడినవాడు అని. అతని తల్లి ఎంతో నమ్మకంతో పెట్టిన పేరు. అతను పేరుకి తగ్గట్టే బతుకుతున్నాననుకుంటూ ఆ పని చేస్తాడు.

ఈ తల్లి గోల ఎక్కణ్ణుంచి వచ్చిందో చెప్పాలి. మా వైపు పేరు వింటే ఊరు చెప్పొచ్చు. కోటయ్య, కోటేశ్వరరావు అంటే కోటప్పకొండ మొక్కు. భావన్నారాయణ అంటే బాపట్ల, పొన్నూరు. తిరుపతమ్మ అంటే పెనుగంచిప్రోలు. మస్తాన్‌రావు, మస్తానమ్మ అంటే గుంటూరు మస్తాన్ వలీ దర్గాలో ముడుపు కట్టిన హిందువుల బిడ్డలు. నా పేరులో పానకాలు ఉంది. మంగళగిరి కొండ మీద నరసింహస్వామి నోట్లో పానకం పోస్తే సగం తాగి సగం భక్తులకి వదిలేస్తాడంటారు, ఆ పానకాలు. కాలేజీలో నన్ను జ్యూస్ అనేవాళ్లు. షాపు బోర్డు మీద పొడి అక్షరాలు వేయించుకుని ఆ పేరుని ఇన్నేళ్లూ దాచాను. నా పేరుకి అర్థం వెతికితే బెల్లం, మిరియాలు, యాలకులు తప్ప ఏముంది? మా అమ్మనడిగితే అర్థం చెప్పలేదు. పెళ్లయిన ఏడేళ్లు పిల్లల్లేక ఎన్నిసార్లు ఆ కొండ మెట్లెక్కిందో చెప్పింది.

నా పేర్ల నోట్‌బుక్కులో రెండు గళ్లు ఉండేవి. ఒకదానికి పేరు, ఇంకోదానికి అర్థం. అర్థం అన్న మాట కొట్టేసి దాని మీద "ఎవరు పెట్టారు, ఎందుకు" అని రాశాను. రాణికి ఎదురుగా రెండో గడి ఖాళీగా ఉండిపోయింది. ఆవిణ్ణి కన్నదెవరో నేను ఆలోచించనే లేదు.

అప్పుడైనా తల్లి గురించి ఆలోచించకుండా శాస్త్రం తిరగేశాను, బుద్ధి మారదు కదా. పారస్కర గృహ్యసూత్రం ప్రకారం మగపిల్లవాడి పేరుకి రెండో నాలుగో అక్షరాలుండాలి. ఆడపిల్లకి బేసి అక్షరాలు, చివర ఆకారం. మనుస్మృతి ఇంకో అడుగు ముందుకేసి చెట్టు పేరు, నది పేరు, నక్షత్రం పేరు, పక్షి పేరు, పాము పేరు ఉన్న పిల్లని చేసుకోవద్దంది. కృష్ణ ఒడ్డున కూర్చుని ఈ మాట చదివితే ఒళ్లు మండింది. మా షాపులో ఒక్క ఏడాదిలో కొట్టిన కృష్ణవేణులే ఎంతమంది! కావాలని నది పేరే పెడదామనుకున్నాను. కృష్ణకి ప్రాకృతంలో కణ్హ. కణ్హా అంటే మేనల్లుడు "హిందీ సీరియల్లో చిన్నికృష్ణుడు కదా" అన్నాడు. సరే, కృష్ణవేణ్ణలో రెండో సగం తీసి బెణ్ణ అందామనుకున్నాను. మా అక్క వింటోంది. "దోసెల బండా?" అంది. ఈ మధ్య బెంజి సర్కిల్ వైపు ఎక్కడ చూసినా బెన్నె దోసె బోర్డులే. నీడ లేని రాణి ఎదురుగా నిలబడితే పాఠకుడికి వెన్న వాసన రాకూడదు. బెణ్ణ కూడా పోయింది.

అన్నట్టు ఆ సూత్రాల్ని రాజులూ పట్టించుకున్నట్టు లేదు. చాంతిసిరికి నాలుగక్షరాలు, సరిసంఖ్య. మన విధికుడికి మూడు.

ఇంతలో మాఘమాసం ముహూర్తాలొచ్చాయి. నవల పక్కన పెట్టి రాత్రి పదకొండింటి దాకా పెళ్లికార్డులే. శ్రీమతి అండ్ శ్రీ ఫలానారావు దంపతుల ద్వితీయ పుత్రిక చిరంజీవి లక్ష్మీ సౌభాగ్యవతి ఫలానా. వేల కార్డులు కొట్టిన లైను. ఆ రాత్రి ఆ లైను దగ్గర వేళ్లు ఆగాయి. శ్రీమతి తర్వాత పేరేది? పెళ్లికూతురి తల్లి ఆ మాటలో ఉంది, పేరు మాత్రం లేదు. మర్నాడు మాస్టారికి చెబితే ఆయన భట్టిప్రోలు సంగతి చెప్పారు. 1892లో అలెగ్జాండర్ రీ అక్కడి స్తూపం తవ్వితే రాతి కరండాలు, అంటే బుద్ధుడి అస్థికలు దాచే పెట్టెలు దొరికాయి. వాటి మీద కుబిరక రాజు పేరుంది. ఒకదాని మీద దాతల పేర్లు ఇలా ఉన్నాయి: కుర తండ్రి, కుర తల్లి, కుర, సివ. కొడుకు కురుడి పేరు తెలుసు మనకి. ఇరవై రెండొందల ఏళ్లుగా ఆ తల్లి కుర తల్లిగానే ఉంది. పాపం ఈ పెట్టెలో మొగుడికీ అదే గతి పట్టింది, అదొక్కటే తేడా. ఇక్ష్వాకు రాజులు వాసిఠీపుత, మాఢరిపుత అని తల్లి గోత్రంతోనే చెప్పుకుంటారు. వాసిష్ఠి కొడుకు, మాఠరి కొడుకు. తల్లి ఉన్నట్టే ఉంటుంది, ఆవిడ సొంత పేరు అందులో ఉండదు.

నా రాణి పేరు స్తంభం మీద ఎందుకు చెక్కలేదన్నదానికి అప్పటిదాకా నా దగ్గర ఉన్న కారణం కుట్ర. సవతులు, విషం, వారసత్వం. అవన్నీ టీవీలో వచ్చేవే. వాళ్లు కావాలని వదిలేయక్కర్లేదేమో, ఆ పేరు అక్కడ రాయడానికి సిగ్గుపడి ఉండొచ్చేమో అని అప్పుడు తట్టింది. ఎలాంటి పేరు?

మా అమ్మ వంటింట్లో చిక్కుడుకాయలు ఈనె తీస్తోంది. అడిగాను. "అమ్మా, పైకి చెప్పుకోడానికి సిగ్గుపడే పేర్లుంటాయా?"

"మీ అమ్మమ్మదే" అంది తలెత్తకుండా.

అమ్మమ్మని అందరూ పెద్దక్క అనేవాళ్లు. దుగ్గిరాల పక్క పల్లెలో ఊరందరికీ పెద్దక్క. ఆవిడ పేరు పుల్లమ్మట. నాకు తెలియదు. ఆవిడ పోయినప్పుడు పెద్దకర్మ కార్డు వేసింది కూడా నేనే, తాతయ్య పేరు పెట్టి "గారి ధర్మపత్ని" అని కొట్టాను. అమ్మమ్మకి ముందు ముగ్గురు పుట్టి పోయారట. నాలుగోసారి ఈవిడ పుట్టగానే, ఊళ్లో పెళ్లి జరుగుతుంటే, పంక్తి లేచాక ఎంగిలి విస్తళ్ల మీద, అదే పుల్లాకుల మీద, పసిగుడ్డుని దొర్లించి తీసుకొచ్చి పుల్లమ్మ అని పెట్టారట. పారేసిన ఆకు లాంటిదని మృత్యువు కూడా ముట్టుకోదని. పెంటయ్యలు, పిచ్చయ్యలు అలాంటివాళ్లేనని అమ్మ వరసగా చెబుతూ పోయింది. "తొంభై రెండేళ్లు బతికింది, పేరు పనిచేసినట్టేగా" అని చిక్కుడుకాయల గిన్నె జరిపింది.

ఇది మూడో శతాబ్దంలో ఉండేదా అని నాకు భయం. మాస్టారు రెండు రోజులు టైమడిగి, జైనుల విపాకసూత్రంలో కథ పట్టుకొచ్చారు. ఒక వర్తకుడి భార్య సుభద్రకి పుట్టిన బిడ్డలు పుట్టినట్టే పోతుంటారు. చివరికి పుట్టినవాణ్ని పెంటకుప్ప మీద పడేయించి మళ్లీ తెచ్చుకుంటుంది. వాడి పేరు ఉజ్ఝితకుడు. పారేయబడ్డవాడు. మా దుగ్గిరాల పుల్లమ్మకి అంతకాలం కిందట ఒక అన్న ఉన్నాడన్నమాట.

కాబట్టి నా రాణి పుల్లిక. తండ్రి ధాన్యకటకం రేవులో చిన్న వర్తకుడు. తల్లికి ముందు పిల్లలు దక్కలేదు. వైశాఖంలో ఒక సంతర్పణ ముగిశాక విస్తళ్ల మీద దొర్లించి తెచ్చుకున్న పిల్ల. అందం చూసి రాజు చేసుకున్నాడు. అంతఃపురంలో ఆ పేరు ఎవరూ పలకలేదు, "రేవుదొరసాని" అనేవాళ్లు. స్తంభం మీద సిరి, సిరి, సిరి అని వరసగా చెక్కుతున్నప్పుడు ఎంగిలాకు పేరు రాయడమా అని ధమ్మరఖితుడు ఆ ఒక్కటి వదిలేయించాడు. ఎవరి మీదా పగలేదు, పాలరాయి లాంటి ఆ పంక్తి పాడవకూడదని. పేరు మూడక్షరాలు, చివర ఆకారం కూడా వస్తోంది, పుల్లికా అని. గృహ్యసూత్రం ప్రకారం కూడా పాసే. గట్టిగా చదివిస్తే మేనల్లుడు అడ్డు చెప్పలేదు, ఫోను పలకలేదు. నోట్‌బుక్కులో రెండో గడి నిండింది.

పేరు దొరికాక కథ రాయడం ఏముంది, ఆరునెలల్లో అయిపోయింది. మధ్యలో మా మేనకోడలి పెళ్లి కుదిరింది. కార్డు నేనే వేశాను. శ్రీమతి పక్కన మా అక్క పేరు కొట్టాను. బావ చూసి ఏమీ అనలేదు. వియ్యంకుల కార్డుతో సమానంగా లేదని మా అక్కే కాసేపు సణిగింది, తర్వాత పది కార్డులు ఎక్కువ అడిగి తీసుకుంది.

చివరి అధ్యాయంలో విధికుడు రాత్రిపూట వెళ్లి స్తంభం అడుగున, ఎవరికీ కనపడనిచోట, పుల్లిక పేరు చెక్కుతాడు. ఆ మూడక్షరాలూ బ్రాహ్మీ లిపిలో ఎలా ఉంటాయో బొమ్మ గీయించి పేజీలో పెడదామని మాస్టారి దగ్గరికి వెళ్లాను. ఆయన పెన్ను తీసుకుని గీసి, కిందనే తెలుగులో రాశారు. పులిక.

"లావత్తు ఏది మాస్టారూ?"

"ఉండదయ్యా. పుత్త అని పలికేవాళ్లు, పుత అని చెక్కేవాళ్లు. వాసిఠీపుత చూశావుగా. ప్రాకృత శాసనాల్లో జంట హల్లుని ఒంటిగానే రాస్తారు మామూలుగా. మీ విధికుడు పుల్లిక అనుకుంటూనే చెక్కుతాడు. చూసేవాడికి మాత్రం పులి కనిపిస్తుంది."

ఆయనకి నవ్వొచ్చింది. నాకు మాట రాలేదు. ఆ అధ్యాయం ఇంటికెళ్లి మళ్లీ మొదట్నుంచి రాశాను. విధికుడు సుత్తి దించేసరికి స్తంభం నీడ కదులుతుంది. రాణి కాళ్ల దగ్గరికి తిరిగివచ్చిన నీడకి నాలుగు కాళ్లుంటాయి.

మొన్న ప్రూఫు తీసి అమ్మకి ఇచ్చాను. కళ్లజోడు పెట్టుకుని రెండు రోజులు చదివింది. పేజీలన్నీ సర్ది నా చేతికిస్తూ ఆఖరి పేజీ పైన పెట్టింది. పులిక అన్నచోట గోరుతో గీత పెట్టి ఉంది.

"ఒరే, అమ్మమ్మ పేరులో లావత్తు ఎగిరిపోయింది, చూసుకో."